కొచ్చిలో చరిత్ర చూడనివ్వరా?

ఫోర్ట్ కొచ్చికి మసాలాలు కొనడానికే వెళతామా? సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి పొమ్మంటే ఆటో అతను మసాలా దుకాణం ముందు ఆపాడు. "ఐదు నిమిషాలే సార్, ఊరికే చూడండి." మళ్లీ ఎక్కితే చీరల దుకాణం! కమీషన్ అతనికి, ఎండ నాకు. శనివారం యూదుల ప్రార్థనా మందిరం పరదేశి సినగాగ్ మూసి ఉంటుంది. అది వారి సబ్బాత్, అంటే వారపు విశ్రాంతి దినం, తప్పేమీ లేదు. ఆ సంగతి తెలిసీ అక్కడికే తీసుకెళ్లి, మూసిన తలుపు చూపించి, పక్కనున్న పాత వస్తువుల కొట్టులోకి తోలడం ఏమిటి?

చివరికి చర్చి చేరాను. 1524లో వాస్కో డ గామాను పాతిపెట్టిన చోటు. అస్థికలు తర్వాత పోర్చుగల్‌కు వెళ్లిపోయాయి, మిగిలింది సమాధి రాయే. దాన్నైనా చూడనిస్తేగా! చుట్టూ సెల్ఫీ కర్రలే. ఒకాయన వీడియో కాల్‌లో బంధువులందరికీ గొంతు చించుకుని చర్చి చూపిస్తున్నాడు.

ఒడ్డున చేపలు పట్టే చీనా వలల దగ్గర ఇంకో తంతు. "రండి, తాడు లాగండి" అని నవ్వుతూ పిలుస్తారు, లాగాక డబ్బులంటారు. ఇస్తాను, కానీ ముందే చెప్పవచ్చుగా? ఇక ఒడ్డంతా ప్లాస్టిక్ సీసాలు. అవి పడేసింది మాత్రం మనలాంటి పర్యాటకులే. చెత్తబుట్ట దాకా నాలుగడుగులు వేయలేరా?