ఒక్క అంకెతో ఒత్తిడి తేలదు

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క పీజీలో ఉండే కర్నూలు కుర్రాడు అమెరికా క్లయింటు కోసం రాత్రంతా పనిచేసి, పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు హెల్త్ చెకప్‌లో రక్తం ఇచ్చి వచ్చి పడుకున్నాడు. సాయంత్రం ఫోన్‌లో రిపోర్టు తెరిస్తే, ఒత్తిడి హార్మోన్ అని పిలిచే కార్టిసాల్ పక్కన ‘తక్కువ’ అని ఎర్ర గుర్తు. దాన్ని తయారుచేసే ఎడ్రినల్ గ్రంథులు పాడయ్యాయేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు వాడికి. హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మొదట అడిగింది ఒకటే, “ఎన్నింటికి పడుకుంటావు బాబూ?” రక్తం తీసినవాళ్లు ఆ మాటే అడగలేదు. రాత్రి పడుకుని పొద్దున లేచేవాళ్ల హద్దులతో వాడి అంకెను పోల్చేశారు.

చెమటలో, లాలాజలంలో కార్టిసాల్‌ను కరెంటు మార్పుతో కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ఎర్ర గుర్తే కళ్లముందు కనిపిస్తుంది. మామూలుగా ఈ హార్మోన్ నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటలో బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. కాబట్టి లేచిన టైమ్ తెలియకుండా వచ్చిన అంకెకు అర్థమే లేదు.

షుగర్ స్ట్రిప్ వచ్చింది కదా, ఇదీ వచ్చేస్తుందిలే అంటారు చాలామంది. అంత తేలిక కాదు. 1962లో అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ ఎంజైమ్‌తో గ్లూకోజ్ కొలిచే దారి చూపాడు, దానికి సరిపడే ఎంజైమ్ (రసాయన చర్యను నడిపే ప్రోటీన్) అప్పటికే ఉంది, పైగా రక్తంలో చక్కెర మిల్లీమోల్ లెక్కలో ఉంటుంది. లాలాజలంలో కార్టిసాల్ నానోమోల్ లెక్క, అంటే దాదాపు పది లక్షల్లో ఒక వంతు. అంత చక్కగా పనికొచ్చే ఎంజైమ్ కూడా దీనికి లేదు. అందుకే బంగారం లేదా కార్బన్ ఎలక్ట్రోడ్ మీద యాంటీబాడీలు, అంటే కార్టిసాల్‌ను గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు, అతికిస్తారు. కార్టిసాల్ వచ్చి వాటికి పట్టుకుంటే ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడి కరెంటు తగ్గుతుంది, ఆ తగ్గుదలే కొలత. చిక్కేమిటంటే, గట్టిగా పట్టుకున్న యాంటీబాడీ తొందరగా వదలదు, కాబట్టి రోజంతా ఆగకుండా కొలవడం కష్టం. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ వాడితే దాన్నీ కార్టిసాల్ అనుకునే ప్రమాదముంది. చిగుళ్ల నుంచి రక్తం కారినా లాలాజలం లెక్క తప్పుతుంది. ఇక ఏసీ ఆఫీసులో కూర్చున్నవాడికి చెమటెక్కడిది? పైలోకార్పిన్ అనే మందును సన్నటి కరెంటుతో చర్మంలోకి పంపి పట్టించాలి.

ఇన్ని చిక్కులున్నా ఇది రావాలనే నా కోరిక. ఒంట్లో కార్టిసాల్ మరీ ఎక్కువగా ఉండే కుషింగ్ జబ్బు అనుమానం ఉన్నవాళ్లకు అర్ధరాత్రి లాలాజలం పరీక్ష కీలకం, ఇంట్లోనే నమ్మకంగా చూసుకోగలిగితే ఎంత మేలో. నాకు భయమల్లా అది వెల్‌నెస్ పేరుతో హెచ్ఆర్ చేతికి వెళ్లడం గురించే. గట్టిగా వ్యాయామం చేసినా, జ్వరమొచ్చినా, కాఫీ తాగినా కార్టిసాల్ పెరగొచ్చు, అది చూసి ‘ఇతను ఒత్తిడి తట్టుకోలేడు’ అని మేనేజర్ తేల్చేస్తే? 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలంటుంది, కానీ అప్రైజల్ నెలలో అడిగితే కాదనే ధైర్యం ఎందరికుంటుంది? ఈ అంకె ఉద్యోగికీ, డాక్టరుకూ తప్ప ఇంకెవరికీ వెళ్లకూడదు. లేచిన టైమ్, వాడే మందులు పక్కన లేకుండా ఏ యాప్ కూడా దాన్ని చూపించకూడదు.

కుర్రాడు రెండు వారాలు సెలవు పెట్టి కర్నూలు వెళ్లి, రాత్రుళ్లు పడుకుని, తిరిగొచ్చి మళ్లీ రక్తం ఇచ్చాడు. హద్దుల్లోనే ఉంది. ఈసారి డాక్టరుగారు రిపోర్టు మీద పెన్నుతో రాశారు: లేచింది ఆరున్నరకు, రక్తం తీసింది ఎనిమిదికి.