సవరణ: గ్రీన్ టీ అంటే ఊరికే ఎండబెట్టిన ఆకు కాదు

గ్రీన్ టీ మీద మొన్న పెట్టిన పోస్టులో "కోసిన ఆకును ఏమీ చేయకుండా ఎండబెడతారు, కెఫీన్ కూడా ఉండదు" అని రాశాను. రెండూ తప్పే. తేయాకు తయారీ గురించిన పుస్తకాలు, ఆహార పోషకాల పట్టికలు చూశాక తెలిసింది.

కోసిన ఆకును అలాగే వదిలేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది, కోసిన ఆపిల్ ముక్క నల్లబడ్డట్టు. ఆకులోని ఎంజైము గాలి తగిలి చేసే పని అది. దాన్ని ఆపడానికే ఆకుకు త్వరగా వేడి తగిలిస్తారు. జపాన్‌లో సెంచా అనే రకం గ్రీన్ టీకైతే ఆవిరి పట్టిస్తారు, సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు మించదు. చైనాలో లాంగ్‌జింగ్ అనే రకాన్ని కాలే బాణలిలో అరచేత్తో అదుముతూ వేయిస్తారు. అందుకే ఆ ఆకు చదునుగా, వేయించిన కమ్మటి వాసనతో ఉంటుంది. సెంచాలో పచ్చి ఆకు పసరు తెలుస్తుంది. గ్రీన్ టీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన తేడా ఇదే.

ఇక కెఫీన్. మామూలు కప్పులో సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది. మాచా అనే గ్రీన్ టీ పొడి కలుపుకుని తాగితే ఆకంతా కడుపులోకి పోతుంది కాబట్టి తరచూ ఇంకా ఎక్కువే. గర్భిణులు అన్నిటిలో కలిపి రోజుకు 200 మిల్లీగ్రాములు దాటొద్దన్నది వైద్యుల సలహా. నా మాట నమ్మి రాత్రి పడుకునే ముందు తాగుతున్నవాళ్లు దయచేసి ఆపండి.