మళ్లీ బరిలో వినేశ్

2024 ఆగస్టు 6 రాత్రి పారిస్‌లో వినేశ్ ఫొగాట్ కంటి మీద కునుకు లేదు. ఆ ఒక్కరోజే మూడు కుస్తీలు గెలిచి, ఒలింపిక్స్ ఫైనల్‌కు చేరిన తొలి భారత మహిళా రెజ్లర్‌గా ఆమె చరిత్రకెక్కారు. ఇక్కడ మనం మిఠాయిలు పంచుకుంటున్నాం. అక్కడ ఆమె, ఉండాల్సిన 50 కిలోల కన్నా 2.7 కిలోలు ఎక్కువున్నారు. తెల్లారేలోగా అదంతా దిగాలి. వ్యాయామ యంత్రాల మీద, ఆవిరి గదిలో రాత్రంతా ఒళ్లు పిండుకున్నారు. చివరికి జుట్టు కత్తిరించారు, వేసుకునే బట్టలనూ కురచ చేశారు. పొద్దున కాటా ఎక్కితే ఇంకా 100 గ్రాములు ఎక్కువ చూపింది. కిరాణా కొట్లో అయితే గుప్పెడు పల్లీలు.

ఫైనల్ పోయింది, రజతమూ పోయింది. ముందురోజు గెలిచిన మూడు కుస్తీలూ ఆమె ఖాతాలోంచి జారిపోయాయి. ఫలితాల పట్టికలో పేరు అట్టడుగుకు చేరింది. మర్నాడు ఆమె ఆటకు సెలవు చెప్పారు. 'అమ్మా, కుస్తీ నా మీద గెలిచింది, నేను ఓడిపోయాను' అని రాశారు. ఆ మాట చదివి బాధపడని ఇల్లు ఉండదు.

ఆ తర్వాత ఆమె హరియాణాలోని జులానా నుంచి ఎమ్మెల్యే అయ్యారు, 2025 జులైలో తల్లయ్యారు. అదే ఏడాది డిసెంబరు 12న, 31 ఏళ్ల వయసులో, మళ్లీ కుస్తీకి వస్తున్నానని ప్రకటించారు. గురి 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. ఆమె నిర్ణయాన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాం. పతకం వస్తుందా రాదా అనే లెక్కలు వేయడం మాకు ఇష్టం లేదు. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఆమెను ఆ రాత్రి దాకా నెట్టిన పరిస్థితుల్లో ఏమైనా మార్పు వచ్చిందా?

హరియాణాలోని బలాలి అనే ఊరు ఆమెది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రిని చంపేశారు. పెదనాన్న మహావీర్ ఫొగాట్ తన కూతుళ్లు గీత, బబితలతో పాటు ఈ పిల్లనూ మట్టి బరిలోకి దించారు. ఆడపిల్లకు కుస్తీ ఏమిటని ఊరంతా ముక్కున వేలేసుకున్న రోజులవి. 2014 గ్లాస్గో, 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో వరుసగా మూడు స్వర్ణాలు గెలిచారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చి, కుస్తీలో ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళ అయ్యారు. 2019, 2022 ప్రపంచ పోటీల్లో కాంస్యాలు సరేసరి.

ఒలింపిక్స్ మాత్రం ఆమెకు కలిసిరాలేదు. 2016 రియోలో చైనా రెజ్లర్‌తో క్వార్టర్ ఫైనల్ మధ్యలో మోకాలు తిరిగిపోతే స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. అదే రోజు సాక్షీ మలిక్ కాంస్యం గెలిచి దేశాన్ని మురిపించారు. టోక్యోకు టాప్ సీడ్‌గా వెళ్లి క్వార్టర్స్‌లోనే ఓడారు. తిరిగొచ్చేసరికి క్రమశిక్షణ తప్పారంటూ భారత కుస్తీ సమాఖ్య సస్పెన్షన్ ఎదురొచ్చింది. అంత కుంగిన మనిషి మళ్లీ లేచి 2022లో ప్రపంచ కాంస్యం తెచ్చిందంటే, ఆమె మొండితనం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

పారిస్‌లో ఆమె గెలిచిన తొలి కుస్తీ ఒక్కటి చాలు ఆమె ఆటను అర్థం చేసుకోవడానికి. ఎదురుగా జపాన్‌కు చెందిన యుయి సుసాకి. టోక్యో స్వర్ణ విజేత. అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమే తెలియదు. వినేశ్ తొందరపడలేదు. చొరవ చూపడం లేదని రిఫరీ రెండుసార్లు అవతలి మనిషికి పాయింటు ఇచ్చినా నిలకడగా కాచుకుని ఉన్నారు. 0-2. గడియారంలో పది సెకన్లు కూడా మిగల్లేదు. అప్పుడు ఒక్క ఉదుటున మీదికెళ్లి సుసాకిని కింద పడేశారు. రెండు పాయింట్లు. జపాన్ వాళ్లు సమీక్ష కోరారు, అది వీగిపోవడంతో ఇంకో పాయింటు. 3-2. వినేశ్ మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని ఏడ్చేశారు. మర్నాడు పొద్దున ఆ గెలుపును కాటా తుడిచేసింది.

అసలు ఆమె 50 కిలోల విభాగంలో ఎందుకున్నారు? మామూలు రోజుల్లో ఆమె బరువు అంతకన్నా అయిదారు కిలోలు ఎక్కువ. అంతకుముందు ఆడింది 53 కిలోల్లో. 2023లో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఆమె మంచం మీదున్నప్పుడు మరో రెజ్లర్ అంతిమ్ పంఘాల్ ప్రపంచ కాంస్యంతో దేశానికి 53 కిలోల ఒలింపిక్ బెర్తు తెచ్చారు. అది అంతిమ్ కష్టార్జితం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. వినేశ్‌కు మిగిలినవి రెండే దారులు. కిందకు దిగితే 50, పైకెక్కితే 57. 2024 మార్చిలో పటియాలా ట్రయల్స్‌లో ఆమె ఒకే రోజు 50లోనూ 53లోనూ బరిలోకి దిగారు. 50లో నెగ్గారు. ఏప్రిల్‌లో బిష్కెక్ వెళ్లి పారిస్‌కు అర్హత సాధించారు. కడుపు కాల్చుకోవడం అక్కడి నుంచే మొదలైంది.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లకు పది బరువు విభాగాలున్నాయి. అందులో 55 కిలోలది ఒకటి. ఒలింపిక్స్‌కు వచ్చేసరికి అవి ఆరే. 55 ఉండదు, 59 ఉండదు, 65, 72 కూడా ఉండవు. మగవాళ్లకు ఫ్రీస్టయిల్‌లో ఆరు, నడుము పైభాగాన్నే పట్టే గ్రీకో రోమన్‌లో ఆరు, కలిపి పన్నెండు. పారిస్‌లో 192 మంది మగ రెజ్లర్లకు చోటుంటే ఆడవాళ్లకు 96. సరిగ్గా సగం. మహిళల కుస్తీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిందే 2004 ఏథెన్స్‌లో, అదీ నాలుగు విభాగాలతో. ఇరవై ఏళ్లలో పెరిగింది రెండు. ఆ మధ్య మెట్లు లేనందువల్లే అమ్మాయిలు నెలల తరబడి పస్తులుండి, నీళ్లు మానేసి, తమ ఒంటికి సరిపోని గీతల్లోకి ఒదగాల్సి వస్తోంది. ఎదిగే వయసులో ఉన్న పదిహేనేళ్ల పిల్లలూ ఇదే నేర్చుకుంటున్నారు. మాకు దిగులు కలిగించేది అదే.

మార్చడం కుదరనిదేమీ కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో పారిస్ నాటికే ఆడవాళ్లకు అయిదు, మగవాళ్లకు అయిదు విభాగాలు. బాక్సింగ్‌లో లాస్ ఏంజెలెస్ నాటికి ఏడుకు ఏడు ఇస్తున్నారు. కుస్తీకి మాత్రం ఎందుకు కుదరదు? ఈ మాట అంతర్జాతీయ సమాఖ్యను గట్టిగా అడగాల్సిన దేశం మనదే. మన మహిళా రెజ్లర్లు తెచ్చిన పతకాలతో ఇన్నేళ్లు గర్వపడింది మనమే కదా.

నిబంధన నిబంధనే, ఎవరి కోసమూ సడలించకూడదన్న వాదనతో మాకు పేచీ లేదు. 100 గ్రాములు ఎక్కువైన మనిషి ఫైనల్ ఆడకూడదు, ఒప్పుకుంటాం. కానీ ముందురోజు పొద్దున ఆమె బరువు సరిగ్గానే ఉంది. ఆ రోజు నెగ్గిన కుస్తీలు న్యాయంగా నెగ్గినవి. వాటినీ కొట్టేయడం దేనికి? ఆమె పిటిషన్‌ను తోసిపుచ్చిన క్రీడా న్యాయస్థానం మధ్యవర్తే, బరువు చూసుకునే బాధ్యత క్రీడాకారిణిదేనంటూనే, ఈ పర్యవసానం మరీ కఠినమన్నారు. అనర్హత వచ్చిన రౌండు వరకే వేటు వేయడం న్యాయంగా ఉంటుందన్నారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని నిబంధన మార్పించే పని మన ఒలింపిక్ సంఘం భుజాన వేసుకోవాలి.

ఇక బరి బయటి మాట. 2023 జనవరి 18న వినేశ్, సాక్షి, బజరంగ్ పునియా దిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. అప్పటి సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మహిళా రెజ్లర్లను లైంగికంగా వేధించారన్నది వాళ్ల ఆరోపణ. ఆయన ఖండించారు. మైనర్ బాలిక పేరిట పెట్టిన కేసు 2025 మేలో మూతపడింది. మిగతా మహిళల ఫిర్యాదులపై 2024లోనే కోర్టు అభియోగాలు నమోదు చేసింది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టే. కానీ ఎఫ్ఐఆర్ కోసమే సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి రావడం, సమాఖ్యలో చట్టప్రకారం ఉండాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీయే సరిగా లేదని ప్రభుత్వం వేసిన పర్యవేక్షణ కమిటీ గుర్తించడం, ఇవి తీర్పు కోసం ఆగాల్సిన విషయాలు కావు. 2023 మే 28న పోలీసులు వాళ్లను రోడ్డు మీద ఈడ్చుకెళ్లడం అందరం టీవీల్లో చూశాం. రెండు రోజులకు హరిద్వార్‌లో గంగ ఒడ్డున పతకాలు గుండెకు హత్తుకుని వాళ్లు ఏడుస్తుంటే రైతు నేతలు వచ్చి ఆపారు. ఆ డిసెంబరులో వినేశ్ తన ఖేల్‌రత్న, అర్జున అవార్డులను కర్తవ్యపథ్ ఫుట్‌పాత్ మీద పెట్టి వెళ్లిపోయారు. అంత టెన్షన్‌లోంచి, ఆపరేషన్ అయిన మోకాలితో, ఏడు నెలలకు ఆమె ఒలింపిక్ సెమీస్ గెలిచారు.

తల్లయ్యాక మళ్లీ పోటీకి రావడం ఎంత కష్టమో మన తెలుగునాట కరణం మల్లీశ్వరిని చూసి తెలుసుకున్నాం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగి, 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ ఆమె. హరియాణా కోడలయ్యారు. 2001లో కొడుకు పుట్టాడు. 2002లో మళ్లీ దిగాలనుకున్న సమయంలో తండ్రిని పోగొట్టుకున్నారు. 2004 ఏథెన్స్‌లో గాయంతో పోటీ పూర్తిచేయలేక ఆట నుంచి తప్పుకున్నారు. కాన్పు తర్వాత క్రీడాకారిణికి ఎలాంటి వైద్యం, ఎలాంటి ఫిజియో, ఎంత కాలం జీతభత్యాలు అని అప్పట్లో అడిగినవాళ్లు లేరు. వినేశ్ విషయంలోనైనా అడగాలి. ఆమె ఎమ్మెల్యే, నలుగురికీ తెలిసిన మనిషి. ఆమె వెనకాల రాబోయే పేరులేని అమ్మాయికి సమాఖ్య రాతపూర్వకంగా ఏం హామీ ఇస్తుందన్నదే ముఖ్యం.

మన రెండు రాష్ట్రాల క్రీడా సంస్థలకూ ఒక విన్నపం. మీ స్టేడియంలలో, క్రీడా హాస్టళ్లలో, కుస్తీ నేర్పే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి. ఆఫీసు గదిలో బీరువా వెనక కాదు. అమ్మాయిలు రోజూ బరువు చూసుకునే కాటా పక్కనే.