రుజువులు బట్టీ పడితే వస్తాయని ఎవరు చెప్పారు?

"లెక్కల్లో రుజువులు రాయడానికి ఐదు చిట్కాలు" అనే మెసేజ్ నాకు మళ్ళీ మళ్ళీ వస్తోంది. రుజువు అనగానే టెన్షన్ పడే పిల్లలకే అందరూ దీన్ని పంపుతున్నారు కాబట్టి ఇక ఊరుకోలేను.

గుర్తులు ఎక్కువ వాడితే మార్కులు ఎక్కువట. కాదు, అడుగు అడుగుకీ కారణం ఉండాలి, అది మామూలు మాటల్లో రాసినా సరే.

నాలుగైదు సంఖ్యలు వేసి చూస్తే చాలట. ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గానికి అదే సంఖ్యను, ఆపైన 41ని కలపండి. 0 నుంచి 39 వరకు ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 తీసుకుంటే 1681, అంటే 41×41. నలభై ఉదాహరణలే చాలనప్పుడు నాలుగు ఎలా చాలుతాయి?

అన్నిటికంటే నష్టం చేసేది మూడోది: "ముఖ్యమైన రుజువులు బట్టీ పట్టండి, మిగతావి అవే వస్తాయి." రావు! √2 కరణీయ సంఖ్య, అంటే పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేనిది అనే రుజువు చాలామందికి కంఠతా వచ్చు. అందులో 2 ఉన్నచోటల్లా 4 పెట్టి రాయమనండి, బట్టీ పట్టిన పిల్లవాడు ఎక్కడా ఆగకుండా √4 కూడా కరణీయమేనని తేల్చేస్తాడు. √4 అంటే 2 కదా, మరి తప్పు ఎక్కడుంది? రుజువులో √2ని ఒక భిన్నం అనుకుని మొదలుపెడతాం. ఆ భిన్నంలో లవం వర్గాన్ని 2 భాగిస్తే లవాన్నీ భాగిస్తుంది, కానీ 4 విషయంలో అలా కుదరదు, ఎందుకంటే 2 వర్గాన్ని 4 భాగిస్తుంది, 2ని భాగించదు. మొత్తం రుజువు ఆ ఒక్క అడుగు మీదే నిలబడి ఉంది, బట్టీ పట్టినవాడు చూడకుండా దాటేసేది కూడా దాన్నే. పుస్తకం మూసేసి తెల్ల కాగితం మీద రాయండి, ఆగిపోయిన చోట "ఇది ఎందుకు నిజం?" అని అడగండి, ఇచ్చిన షరతుల్లో ఒకటి తీసేస్తే ఏ అడుగు కూలుతుందో చూడండి. దీన్ని పంపేవాళ్ళు ఒక్క రుజువునైనా ఇలా విప్పి చూశారా?

నిర్వచనాలు అక్షరం పొల్లు పోకుండా నేర్చుకోవాలన్న నాలుగో మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. "ప్రతి సంఖ్యకూ దానికంటే పెద్దది ఒకటి ఉంది" అన్నది నిజం, "అన్నిటికంటే పెద్ద సంఖ్య ఒకటి ఉంది" అన్నది అబద్ధం. మాటల వరస కాస్త మారితే చాలు, విషయమే మారిపోతుంది.

ఇక చివరిది, పది నిమిషాల్లో తట్టకపోతే లెక్కల బుర్ర లేనట్టేనట. వందల ఏళ్ళు ఎవరూ రుజువు చేయలేకపోయిన ఫెర్మా చివరి సిద్ధాంతం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన గణితవేత్త ఆండ్రూ వైల్స్ 1993లో రుజువు ప్రకటించారు, తర్వాత అందులో లోపం బయటపడింది, తన పూర్వ విద్యార్థి రిచర్డ్ టేలర్ సాయంతో 1994లో సరిచేశారు. ఆయనకే అంత కాలం పడితే, నిన్న మొదలుపెట్టిన పిల్లలకు పది నిమిషాల గడువు పెట్టే హక్కు మీకెవరిచ్చారు?