నిమిషానికి 60 గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ నిమిషానికి 60 గారి దివ్య సముఖమునకు,

నెల్లూరులో శాండ్‌విచ్‌లు తయారుచేసి, కాలేజీ క్యాంటీన్లకు, ఆసుపత్రుల ఎదుటి దుకాణాలకు, జాతీయ రహదారి వెంబడి ఉన్న టీ అంగళ్ళకు వేసుకునే ఒక చిన్న యూనిట్ యజమాని చేసుకొను విన్నపము.

విషయం: ప్యాకింగ్ యంత్రం ఎంపికలో తమరి పెత్తనం గురించి.

అయ్యా, ప్యాకింగ్ యంత్రాల బ్రోచరు ఏది తెరిచినా, నిమిషానికి అరవై పొట్లాలు కట్టే వేగంగా, తమరి దర్శనం మొదటి పేజీలోనే లభిస్తున్నది. యంత్రం పేరు ఒక మూలన ఒదిగి ఉంటుంది. తమరు మాత్రం ఎర్రటి అంకెల్లో, వెనక ఒక మెరుపు గీతతో, పేజీకి అడ్డంగా వెలుగుతుంటారు. ఆ యంత్రం ఎంత కరెంటు తాగుతుంది, ఏ ఫిల్మ్ మీద పనిచేస్తుంది, గాలి కంప్రెసర్ విడిగా కొనాలా వద్దా అనే సంగతులు చివరి పేజీలో, భూతద్దం ఉన్నవారి కోసం అచ్చువేస్తారు. అమ్మడానికి వచ్చిన ప్రతినిధి మజ్జిగ గ్లాసు కింద పెట్టకముందే తమరి పేరెత్తుతాడు. మా ఊరివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఎవరైనా కొత్త యంత్రం దించారని తెలిస్తే పక్క వీధి బేకరీ ఆయన అడిగే మొదటి మాట "నిమిషానికి ఎన్ని కొడతదన్నా?" అనే. లోపల పెట్టిన తిండి ఏమవుతుందని అడిగిన పాపాన ఇంతవరకు ఎవరూ పోలేదు.

తమరి పరపతికి వచ్చిన లోటేమీ లేదు కనుక, మా వంటగది లెక్క కొంచెం విన్నవించుకుంటాను. మా దగ్గర బల్లకు అటూ ఇటూ నలుగురు ఆడవాళ్ళు నిలబడి పనిచేస్తారు. ఒకామె బ్రెడ్ పరిచి అంచులదాకా వెన్న రాస్తుంది. ఒకామె పచ్చి చట్నీ, దోసకాయ చక్రాలు వేస్తుంది. మూడో ఆమె గుడ్డు గాని చికెన్ గాని సర్ది పై ముక్క మూస్తుంది. నాలుగో ఆమె రంపపు పళ్ళ కత్తితో మూలకు మూల కోస్తుంది. ఈ ఎనిమిది చేతులూ కలిసి నిమిషానికి ఎనిమిది దాటించాయంటే, ఆ రోజు ఎవరింట్లోనో పెళ్ళి ఉందనీ, వాళ్ళు తొందరగా ఇంటికి పోవాలనీ అర్థం. రోజుకు మాకు అమ్ముడయ్యేవి ఆరు వందలు. తమరు దయచేస్తే పది నిమిషాల్లో పని ముగించి, మిగిలిన రోజంతా మూడు ఫేజుల కరెంటు మీద హీటర్లు వేడి చేసుకుంటూ కూర్చుంటారు. కొబ్బరికాయ కొట్టడానికి రోడ్డు రోలరును పిలుచుకున్నట్టుంటుంది మా పరిస్థితి.

కాదు, తమరు పదినిమిషాల్లో ముగించరు. ఎనిమిది చొప్పున అందే సరుకుతోనే సరిపెట్టుకోవాలి. అప్పుడు జరిగేది మరింత ముచ్చటగా ఉంటుంది. ఫిల్మ్ చుట్టను గొట్టంగా మడిచి, కింద పొడుగునా ఒక సీలు, ముందూ వెనకా రెండు సీళ్ళు వేసి కత్తిరించే ఫ్లో ర్యాప్ యంత్రంలో, సరుకు అందినా అందకపోయినా దాన్ని మోసే పట్టా కదులుతూనే ఉంటుంది. మధ్యలో ఒక అర ఖాళీగా వస్తే తమరు ఆ ఖాళీని కూడా అంతే శ్రద్ధగా కట్టి, మీద తేదీ కొట్టి, బయటికి పంపుతారు. శాండ్‌విచ్ లేనప్పుడు పొట్లం కట్టకుండా ఆగే తెలివి కావాలంటే దానికి వేరే సెన్సరు ఉందట, దాని ధర వేరేనట. గాలిని ప్యాక్ చేయడం ఉచితమూ, చేయకుండా ఉండడం అదనపు ఖర్చూ అయిన వ్యాపారం లోకంలో ఇదొక్కటే కావచ్చు.

ఇక శాండ్‌విచ్ అనే ప్రాణి గురించి. తమరి బ్రోచరులో బిస్కెట్లు, సబ్బులు, శాండ్‌విచ్‌లు ఒకే వరుసలో బొమ్మలుగా నిలబడి ఉంటాయి. సబ్బుకు వెనకనుంచి తోపుడు కడ్డీ తగిలితే సబ్బు ముందుకు పోతుంది. శాండ్‌విచ్‌కు అదే కడ్డీ తగిలితే కింది ముక్క ముందుకు పోతుంది, పై ముక్క కొంచెం ఆలోచించి పోతుంది, మధ్యలోని దోసకాయ అసలే పోదు. కోసిన ముఖం కొనేవాడికి కనబడాలనే కదా మూలకు మూల కోసేది. తమరి సంచిలోంచి బయటపడేసరికి ఆ ముఖం ఏ పక్కకు తిరిగి ఉంటుందో చెప్పలేము. వాక్యూమ్ యంత్రం తీసుకోమని సలహా ఇచ్చిన ప్రతినిధి ఒకాయన ఉన్నాడు. లోపలి గాలి లాగేస్తే బ్రెడ్ గుల్లంతా అణిగి, చట్నీ బయటికి ఊరుతుంది. ఆ పెద్దమనిషి జీవితంలో శాండ్‌విచ్ తిని ఉండడని మా వంటగది ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఎవరూ బ్రోచరు వేయని వస్తువు ఒకటుంది. మూత నొక్కితే టక్కున పడే త్రికోణపు ప్లాస్టిక్ డబ్బా. దానికి యంత్రమే అక్కరలేదు, ఆడవాళ్ళే కోసి, పెట్టి, మూసేస్తారు. లేబులు ఒకటి అతికిస్తే చాలు. గాలి చొరకుండా ఉండదు గనుక ఎక్కువ రోజులు ఆగదు. పొద్దున చేసి, చల్లగా ఉంచి, ఆ సాయంత్రంలోపు అమ్ముకునే వాడికి ఎక్కువ రోజులతో పనేముంది? దానికన్నా ఒక మెట్టు పైన, లోపల పలుచటి ప్లాస్టిక్ పూతతో, ముందు కిటికీ ఫిల్మ్‌తో ఉండే అట్ట త్రికోణం ఉంది. అచ్చులో నిలబెట్టి వేడి పలకతో నొక్కి అతికించే చిన్న యంత్రం దానికి సరిపోతుంది. ఒక మనిషి పక్కన ఉండాలి. నిమిషానికి ఎన్ని అంటే, ఆ మనిషి ఎన్ని పెడితే అన్ని. తమరి వంశంలో ఇంత నిజాయితీ గల అంకె ఇంకొకటి లేదు. మా సముద్రపు గాలికి అట్ట తేమ పట్టి వంకర పోతుందనే మాట నిజమే. దాన్ని పొడిగా ఉన్న గదిలో పెట్టుకుంటే సరిపోతుంది, అది తమరి మీద నేరం మోపవలసినంత సంగతి కాదు.

ఈ మధ్య తమరి పక్కన "గ్యాస్ కొడితే వారం నిలుస్తుంది" అనే బిరుదుతో మరొక పెద్దమనిషి కూడా దయచేస్తున్నాడు. ట్రేలో ఉన్న గాలిని తోసేసి, నత్రజని, కార్బన్ డయాక్సైడ్ కలిపి నింపి, పైన ఫిల్మ్ అతికించడం ఆయన విద్య. ఆక్సిజన్ లేకపోతే బూజు పట్టడం తగ్గుతుందన్నది నిజం. కానీ ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగల లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు ఉన్నాయనీ, గ్యాస్ ఉంది కదా అని చల్లదనం వదులుకోవడానికి లేదనీ ఆయన చెప్పడు. తడి కూరలోకి కార్బన్ డయాక్సైడ్ కరిగిపోయి ట్రే మూత లోపలికి కుంగవచ్చుననీ చెప్పడు. చుట్టడానికి అందరూ వాడే, బీఓపీపీ అనే మామూలు ప్లాస్టిక్ ఫిల్మ్ తేమను బాగానే ఆపుతుంది గాని ఆక్సిజన్‌ను ఆపడంలో అంతంత మాత్రమే. కనుక ఆ గ్యాస్ లోపల నిలవాలంటే ఖరీదైన పొరల ఫిల్మ్ కావాలి. ఆ ఖర్చు యంత్రం ధరలో కనబడదు, జీవితాంతం నెలనెలా కనబడుతుంది.

ఇంతటి విద్యనూ ఒక కొత్తిమీర కాడ ఓడిస్తుంది. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి, తమరు కూడా ఒకసారి దగ్గరగా చూడాలి. డెమోకు తెచ్చిన ట్రే అంచు మీద, వెంట్రుకంత సన్నటి కాడ ఒకటి చట్నీ తడితో అంటుకుని ఉంది. పై ఫిల్మ్ దిగి, వేడి పలక నొక్కి లేచింది. చూడడానికి సీలు అద్దంలా ఉంది. బకెట్ నీళ్ళలో ముంచి మెల్లగా నొక్కేసరికి ఆ కాడ పక్కనుంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. గ్యాస్, ఫిల్మ్, వారం అన్నీ ఆ దారినే పోతున్నాయి. తమరి వేగంతో నడిచే చోట ఆ కాడను ఎవరు చూస్తారు? నిమిషానికి అరవై అంటే ఒక్కొక్క ట్రేకు ఒక్క సెకను. కళ్ళజోడు సర్దుకునేలోపు రెండు వెళ్ళిపోతాయి.

చల్లదనం మాట వచ్చింది గనుక ఒక మాట. కూర చెడకుండా ఉండాలంటే అయిదు డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉండాలి. అదే చల్లదనం బ్రెడ్‌కు పడదు. అందులోని పిండి పదార్థం ఫ్రిజ్‌లో తొందరగా బిరుసెక్కుతుంది. ఒకే పొట్లంలో ఉన్న ఇద్దరిలో ఒకరికి పథ్యమైంది ఇంకొకరికి అపథ్యం. ఈ తగవు తీర్చేది తమరి వేగం కాదు, నలుగురిలో మొదటి ఆమె అంచులదాకా రాసే ఆ వెన్న, కూరలోంచి నీళ్ళు పిండే చెయ్యి, పొద్దున చేసినది సాయంత్రంలోపు అమ్మించే బండి. ఆ పైన, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మా ఎండలో, ఫ్రిజ్‌లోంచి తీసిన పొట్లం క్షణంలో తేమ పట్టి మసకబారి లోపలిది కనబడకుండా పోతుంది. దానికి మసక పట్టని ఫిల్మ్ వేరే అడగాలి. రాత్రి పూట కరెంటు బిల్లు కోసం ఫ్రిజ్ ఆపుకునే దుకాణదారుల గురించి తమరి బ్రోచరు ఏమీ అనలేదు, నేనూ ఎక్కువ అనను. వాళ్ళు నా ఖాతాదారులు.

తమరి వేగాన్ని నమ్మి అచ్చు ఫిల్మ్ చుట్టలు గంపగుత్తగా వేయించుకున్నవారి పాట్లు వేరు. అచ్చు వేయడానికి రంగుకొక సిలిండరు, దాని మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు, చిరునామా, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. రాత్రికి రాత్రి అక్కడివారి చిరునామాలో జిల్లా మారింది, ఫిల్మ్ చుట్ట మీద మారలేదు. సాదా ఫిల్మ్, విడిగా అతికించే లేబులు, వీటిని పల్లెటూరి పద్ధతి అని నవ్విన ప్రతినిధికి ఈ సంగతి చెబితే, ఆయన మళ్ళీ తమరి పేరే చెప్పాడు.

అసలు మా ఊరికి రొట్టెల గురించి చెప్పవలసిన పని లేదు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా వద్ద, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అంటూ జనం నీళ్ళలో నిలబడి చేతిలోంచి చేతికి రొట్టెలు మార్చుకుంటారు. ఇచ్చినవాడి చేతికీ పుచ్చుకున్నవాడి నోటికీ మధ్య ఆలస్యం లేదు గనుక అక్కడ ప్యాకింగ్ యంత్రం లేదు. ఆలస్యం ఎంత అన్నదాన్ని బట్టే పొట్లం ఎంత గట్టిగా ఉండాలో తేలుతుంది. ఆలస్యమే తెలియకుండా తమరిని తెచ్చి గదిలో దించడం ఎలాంటి తెలివో తమరే సెలవివ్వాలి. 1943లో, యుద్ధకాలంలో, అమెరికా ప్రభుత్వం ముక్కలు కోసిన బ్రెడ్ అమ్మకాన్నే కొద్ది వారాలపాటు నిషేధించింది. కోసిన బ్రెడ్ ఎండిపోకుండా ఉండాలంటే మరింత మందమైన మైనపు కాగితం కావాలన్నది వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. అంత పెద్ద ప్రభుత్వం కూడా చుట్టే కాగితం గురించి ఆలోచించింది గాని, నిమిషానికి ఎన్ని చుట్టగలమని గొప్పలు పోలేదు.

తమరు ఎన్నడూ చెప్పని అంకెలు కొన్ని మాకు కావాలి. చికెన్ నుంచి కూరగాయల శాండ్‌విచ్‌కు మారేటప్పుడు పట్టా విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ బిగించడానికి ఎంతసేపు పడుతుంది? బ్రెడ్ పొడి దూరే సందులు ఎన్ని ఉన్నాయి, వాటిలో చెయ్యి పట్టేవి ఎన్ని? కరెంటు పోయి వచ్చాక హీటరు మళ్ళీ సరైన వేడికి వచ్చేలోపు ఎన్ని పొట్లాలు సగం అతుకుతో బయటికి వస్తాయి? తుపాను రోజుల్లో హీటరు పట్టీ కాలిపోతే, కొత్తది చెన్నై నుంచి రావాలా, లేక మా ట్రంకు రోడ్డులో దొరుకుతుందా? వీటిలో ఒక్కటైనా ఎర్రటి అక్షరాల్లో మొదటి పేజీ మీద కనబడితే, ఆ పక్కన తమరికి కూడా కొంచెం చోటు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు.

కాబట్టి నా మనవి ఇది. తమరు నిజంగానే మా వద్దకు రాదలచుకుంటే, సాదా ఫిల్మ్ చుట్టలతో, మధ్యాహ్నం కరెంటు నమ్మకం లేని వేళ చూసి, మా వంటగదికే దయచేయండి. మా నలుగురి వేగానికి తగ్గి నడవండి. మా బ్రెడ్, మా చట్నీ, కాడలతో సహా మా కొత్తిమీర వాడండి. కట్టిన పొట్లాల్లో సగం బకెట్‌లో ముంచుదాం. మిగిలిన సగం బస్టాండు దగ్గరి దుకాణంలో, ఆయన ఎప్పటిలాగే ఆపి పెట్టుకునే ఫ్రిజ్‌లో ఉంచి, తమరు చెప్పిన వారం పూర్తయ్యేదాకా ఆగి తెరుద్దాం. రానుపోను ఖర్చులు మేమే పెట్టుకుంటాం, భోజనం కూడా పెడతాం. కాకపోతే, ఆ వారం నాటి శాండ్‌విచ్‌ను మొదట రుచి చూడవలసింది తమరి ప్రతినిధి గారు.

ఇట్లు,
నిమిషానికి ఎనిమిదితో బతుకుతున్న
ఒక శాండ్‌విచ్ యూనిట్ యజమాని,
నెల్లూరు.