ఆ గురువు జపానువాడు కాకపోతేనేం?

అమెరికాలోని మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో జరిగినదాని గురించి రాయొద్దని ఇద్దరు ముగ్గురు మిత్రులు ముందే చెప్పారు. "పండగపూట సరదాకి అన్నమాట, దాన్ని పత్రికకెక్కించాలా?" అన్నారు. సరదాకి అన్నమాటే, కాదనను. నవ్వినవాళ్ళలో సగంమంది నాకు కావలసినవాళ్ళే. అయినా ఆ మాట నన్ను వదలడం లేదు.

రాలేకపోయినవాళ్ళ కోసం చెబుతున్నాను. పంచాంగ శ్రవణం సాగింది, చిన్నపిల్లల ఫ్యాషన్ షో ఇంకా సాగింది. దాంతో జపాను పోరువిద్య జుజుత్సులో పిల్లల ప్రదర్శనకు ఇస్తామన్న పావుగంట కాస్తా ఐదు నిమిషాలైంది. అది మామూలే, మన కార్యక్రమాల్లో గడియారం గోడకి అలంకారం. పిల్లల గురువు డెబ్బై దాటిన అమెరికన్. చుట్టిపెట్టిన మ్యాట్ల పక్కన మధ్యాహ్నం నుంచీ ఓపిగ్గా కూర్చున్నాడు. ఎవరో ఉగాది పచ్చడి ఇస్తే మొహం చిట్లించకుండా తిని ఇంకొంచెం అడిగాడు. మన పిల్లలే అంత బుద్ధిగా తినరు.

తీరా వాళ్ళు స్టేజీ ఎక్కాక మన పెద్దాయన ఒకరు మైకందుకున్నారు. "నేర్పేది జపాను విద్య, నేర్పేవాడు తెల్లాయన, నేర్చుకునేది తెలుగు పిల్లలు. ఇందులో అసలు సరుకెక్కడండీ?" అన్నారు. హాలంతా గొల్లుమంది. గురువుగారికి తెలుగు రాదు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వి, వంగి నమస్కారం పెట్టాడు. మెట్లు దిగుతూ మా అమ్మాయిని అడిగాడట, ఆయన ఏమన్నారని. "మీకు స్వాగతం చెప్పారు" అందట అది. పన్నెండేళ్ళ పిల్ల మన పరువు కాపాడటానికి అబద్ధం ఆడాల్సి వచ్చింది.

అసలు సరుకు సంగతికొద్దాం. వాళ్ళు నేర్చుకునేది డాన్‌జాన్ ర్యూ అనే జుజుత్సు బాణీ. దాని వేళ్ళు జపానులోవే గానీ, చెట్టు మొలిచింది హవాయిలో. ఫుకుషిమా ప్రాంతంలో 1890లో పుట్టిన సేషిరో ఒకజాకి పదహారేళ్ళ వయసులో, 1906లో, హవాయి చేరాడు. అప్పటికే ఇరవై ఏళ్ళుగా జపాను కూలీలు అక్కడి చెరుకుతోటలకు వస్తున్నారు. ఫిజీ, మారిషస్‌ల చెరుకుతోటలకు వెళ్ళిన మన ఉత్తరాంధ్రవాళ్ళ కథ ఇళ్ళలో విన్నవాళ్ళకు ఆ వాతావరణం వర్ణించి చెప్పక్కర్లేదు. పందొమ్మిదో ఏట ఒకజాకికి క్షయ వచ్చింది. ఆ రోజుల్లో క్షయంటే ఆశ వదులుకోవడమే. హీలో ఊళ్ళో తనాకా అనే గురువు నడిపే డోజోలో, అంటే సాధనశాలలో, చేరి పిచ్చిపట్టినట్టు సాధన చేశాడు, కోలుకున్నాడు. ఆ విద్యే తనను బతికించిందని నమ్మి, మిగతా బతుకంతా దానికే ఇచ్చేశాడు.

యోషిన్ ర్యూ లాంటి పాత జుజుత్సు బాణీలు నేర్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఒకినావా కరాటే, చైనీయుల పోరువిద్య, హవాయి మూలవాసుల లువా, ఫిలిప్పీన్సువాళ్ళ కత్తి విద్య, దీవిలో ఎవరి దగ్గర ఏది ఉంటే అది అడిగి నేర్చుకున్నాడు. 1924లో జపాను వెళ్ళి అక్కడి డోజోలు కూడా తిరిగొచ్చాడు. అన్నీ కలిపి వరుసలో పెట్టి తన బడి కట్టాడు. హొనొలులులోని ఆయన డోజో పేరు కోడెన్‌కాన్. అక్కడ ఆయన చేసిన పని ఒకటి జపనీయుల్లో కొందరికి మింగుడు పడలేదు. జాతి చూడకుండా చైనీయులకీ, హవాయివాళ్ళకీ, తెల్లవాళ్ళకీ, ఆడవాళ్ళకీ నేర్పాడు. మన విద్య బయటివాళ్ళ చేతికిస్తావా అని సణిగారు. ఆయన మానలేదు.

మానకపోబట్టే అది ఇవాళ మా వీధి చివర ఉంది. కాలిఫోర్నియాకు ఈ బాణీ చేరింది రే లా, బడ్ ఎస్టెస్, జాన్ కేహిల్, రిచర్డ్ రికర్ట్స్ లాంటి జపనీయేతర శిష్యుల చేతుల మీదుగానే. ఓక్లండ్‌లో నేర్పింది రే లా. అందులోంచే తన సొంత బాణీ దిద్దుకున్న వాలీ జే చైనా మూలాలవాడు. ఒకజాకి 1951లో పోయాక శిష్యులు తలా ఒక సంస్థ అయ్యారు. తానా, ఆటా, నాటా, నాట్స్ అని తెలుగు సంఘాల పేర్లన్నీ కంఠతా వచ్చిన మనకు ఆ భాగం విడమరచి చెప్పాలా?

ఇది పాత సంప్రదాయమే కాదనేవాళ్ళూ జపానులో ఉన్నారు. వాళ్ళ మాటలోనూ పస ఉంది. 1532లో మొదలైన తకెనోఉచి ర్యూ లాంటి బడుల పక్కన డాన్‌జాన్ ర్యూ నిన్నటి కలగూరగంప. కానీ కలగూరగంపైనా దానికో క్రమం ఉంది. మొదటి పాఠాల వరుస పేరు యవారా, అందులో ఇరవై పట్లు. మొట్టమొదటి పట్టు మణికట్టు విడిపించుకోవడం. మా అమ్మాయి నా మీదే చూపించింది. గట్టిగా పట్టుకో నాన్నా అంది, పట్టుకున్నాను. లాగలేదు. నా బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య ఉన్న సందు వైపు ముంజేతి సన్నటి అంచు తిప్పింది, మోచేతిని నా మీదకు తోసింది, తన చెయ్యి నా పట్టులోంచి విడిపోయింది. ఏ కోణంలో తిప్పాలో పుస్తకం చదివితే రాదు. ఒకరు పట్టుకోవాలి, తప్పయితే వదలకూడదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నది ఈ ముసలాయన. ఆయన చెయ్యి పట్టుకున్నది ఒకజాకి దగ్గర స్వయంగా నేర్చుకున్న శిష్యుడు. నాకు తెలిసిన గురుపరంపర ఇదే. మధ్యలో ఎవరి పాస్‌పోర్టు ఏ రంగన్నది ఆ మణికట్టుకు తెలియదు.

ఇంకో సంగతి. ఒకజాకి పొట్టపోసుకున్నది మర్దనతో, వైద్యంతో. పడగొట్టడం నేర్చినవాడు లేపడమూ నేర్వాలన్నది ఆయన పద్ధతి, అందుకే ఈ బడిలో పైమెట్టు ఎక్కేవాళ్ళు మర్దన కూడా నేర్చుకుంటారు. మొన్న చలికాలం మా అత్తయ్య వచ్చినప్పుడు భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేకపోయింది. గురువుగారు ఒప్పుకుని చూశాడు. మోచేత్తో వీపు పక్కన నెమ్మదిగా నొక్కుకుంటూ పోయాడు, చెయ్యి ఎక్కడ ఆగాలో తెలిసినట్టు ఆగింది. లేచి కూర్చుని ఆవిడ, "పుత్తూరు పోయొచ్చినట్టుంది, ఈయన చెయ్యి మంచిది" అంది. ఏ దేశంవాడని అడగలేదు. కాఫీ తాగుతాడా అని అడిగింది.

ఆ మాటన్న పెద్దాయన చెడ్డవారని నేననను. మనవాళ్ళ ఇంట్లో చావు కబురొస్తే టికెట్ కొనడం నుంచి ఎయిర్‌పోర్టులో దింపడం దాకా ముందుండేది ఆయనే. ఆయన భయం నాకు అర్థమవుతుంది. తెలుగు నేర్పే మనబడికి రమ్మంటే పిల్లలు ముఖం ముడుస్తారు, ఉన్న ఐదు గంటల పండగలో కూడా పరాయి విద్యకు చోటిస్తే మనది ఎప్పుడు చూపిస్తాం? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన ఎగతాళి చేసింది చోటు గురించి కాదు, గురువు పుట్టుక గురించి.

ఆ లెక్కన మన కూచిపూడి ఎక్కడుండేది? ఒకే ఊరి భాగవతుల ఇళ్ళ మగవాళ్ళకే పరిమితమైన విద్య అది, సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఊరు, ఇంటిపేరు చూడకుండా ఆడపిల్లలకు నేర్పారు. అంతకు ముందే కోరాడ నరసింహారావు గారి దగ్గర నేర్చుకుని దేశదేశాల వేదికల మీద కూచిపూడి ఆడిన ఇంద్రాణీ రెహమాన్ తల్లి అమెరికన్. మనం గర్వంగా చెప్పుకునే పేర్లివి.

మరి మన పోటీల దరఖాస్తులో "తెలుగు మూలాలున్న పిల్లలకు మాత్రమే" అన్న వాక్యం ఎందుకుంది? పోయినేడు ఒక మెక్సికన్ ఇంటి పిల్ల, మన ఊరి టీచర్ దగ్గరే చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది, ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి తరంగం ఆడింది. ఒక్క అడుగు తప్పలేదు. ఆ పిల్లను "అతిథి ప్రదర్శన" కింద వేసి, బహుమతికి పనికిరాదన్నాం. రేపు మన పిల్లలు కోడింగులో, కాలేజీల్లో పడి గజ్జెలు అటకెక్కించాక, మన మనవరాళ్ళకు నేర్పడానికి మిగిలేది ఆ పిల్లేనేమో. అప్పుడు మైకందుకుని అసలు సరుకెక్కడని అడుగుదామా?

జుజుత్సుకు దీపావళిలో చోటివ్వకపోయినా నేను నొచ్చుకోను. అడిగేదల్లా ఆ వాక్యం తీసేయమని. వీలైతే కార్యక్రమ పత్రంలో ప్రతి అంశం కింద నేర్పినవారి పేరు, వాళ్ళ గురువు పేరు కూడా వేయమని. స్పాన్సర్ల లోగోలు కాస్త చిన్నవి చేస్తే చోటు సరిపోతుంది. దీనికి సర్వసభ్య సమావేశం అక్కర్లేదు, కార్యవర్గ తీర్మానం చాలు. దీపావళి దరఖాస్తులు బయటికి పోయేలోపు జరిగే మీటింగులో నేను ప్రతిపాదిస్తాను. బలపరచడానికి ఒకరు కావాలి. ఆ రోజు హాల్లో నవ్వినవాళ్ళైనా సరే.