కలెక్టరు గారి చేతిఫిరంగి

"కొనాలా, వద్దా?" అని అడిగేవాడు జవాబు కోసం అడగడు. కొనాలని ఎప్పుడో తేల్చేసుకుని ఉంటాడు. ఆ తేల్చుకున్న సంగతి నలుగురికీ తెలియాలి కాబట్టి అడుగుతాడు. వస్తువు డెజర్ట్ ఈగిల్ పిస్టల్ అయినప్పుడు, అందులోనూ పాయింట్ 50 ఏఈ అనే అర అంగుళం లావు తూటా పేల్చే రకమైనప్పుడు, ఈ అడగడం నెల్లాళ్లు సాగుతుంది. "వద్దయ్యా" అంటే మొహం మాడ్చుకుంటాడు. "సరే, కొనుక్కో" అంటే "అంత తేలిగ్గా తీసేస్తారేంటండీ" అని నొచ్చుకుంటాడు. "అసలెందుకు?" అంటే మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, కళ్లు సగం మూసి ఒకే మాట అంటాడు: "కలెక్టిబుల్ కదండీ!"

అక్కడితో వాదన ముగిసినట్టే. వేటకి కాదు, పోటీకి కాదు, ఆత్మరక్షణకి అసలే కాదు. కలెక్టిబుల్. అప్పటిదాకా మామూలు మనిషిగా ఉన్నవాడు ఆ ఒక్క మాటతో కలెక్టరు గారైపోతాడు. జిల్లా లేదు, బంట్రోతు లేడు, ఉన్నదల్లా రెండు కిలోల ఇనుము.

కాబట్టి కలెక్టరు గారి ఫైలుని మనమూ తగిన గాంభీర్యంతోనే పరిశీలిద్దాం.

భారీ పిస్తోళ్లలో నిజంగా దాచుకోదగ్గవి లేకపోలేదు. 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్‌ని తీసుకోండి. మెక్సికో యుద్ధం కోసం కెప్టెన్ శామ్యూల్ వాకర్ సలహాలతో తయారైంది. బరువు రెండు కిలోల పైచిలుకు, బారెల్, అంటే గుండు బయటికొచ్చే గొట్టం, 9 అంగుళాలు, గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఒక్కో గదికి 60 గ్రెయిన్ల (దాదాపు నాలుగు గ్రాముల) తుపాకిమందు పట్టేది. ఆ కాలపు లోహానికి అంత మందు కాస్త ఎక్కువే అయి కొన్నిటికి సిలిండర్లు పగిలాయి. పేల్చినప్పుడు తరచు బారెల్ కింద ఉండే, గుండు దట్టించే లోడింగ్ లీవర్ ఊడి కిందికి వేలాడి, సిలిండర్‌ని తిరగనివ్వకుండా అడ్డుపడేది. సైనికులు దాన్ని తోలు తాడుతో కట్టుకునేవారు. తయారైనవి సుమారు 1,100. ఇక పుట్టవు. దాన్ని కలెక్టిబుల్ అంటే ఎవరూ నోరెత్తరు.

మరి మన డెజర్ట్ ఈగిలో? అమెరికాలోని మాగ్నమ్ రీసెర్చ్ సంస్థ ఆలోచన, ఇజ్రాయెల్ మిలిటరీ ఇండస్ట్రీస్ తయారీగా 1980ల మొదట్లో మొదలైంది. 1995 నుంచి 1998 దాకా మెయిన్ రాష్ట్రంలోని సాకోలో తయారై, మళ్లీ ఇజ్రాయెల్ వెళ్లి, 2009 నుంచి మిన్నెసోటాలో తయారవుతోంది. కంపెనీని 2010లో కార్ ఆర్మ్స్ కొనేసింది. అంటే, కలెక్టరు గారు తన "అరుదైన" పిస్తోలుని అపురూపంగా తుడుచుకుంటున్న వేళకి మిన్నెసోటాలో ఇంకొకటి మిషను మీద చెక్కబడుతూ ఉంటుంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో వయసును బట్టి "క్యూరియో అండ్ రెలిక్" (దాచుకోదగ్గ పాత వస్తువు) హోదా రావాలంటే ఆయుధానికి 50 ఏళ్లు నిండాలి. ఈ జాతిలో పెద్దదానికి కూడా ఇంకా అంత వయసు రాలేదు. ఇజ్రాయెల్ ముద్ర ఉన్న తొలినాళ్ల మార్క్ 1, అసలు డబ్బా, కాగితాలు, మ్యాగజైన్‌తో (తూటాలు నింపే పెట్టెతో) సహా దొరికితే దాచుకోండి, అందులో అర్థముంది. కానీ కలెక్టరు గారు చూసేది అది కాదు. ఆయన కన్ను పడేది బంగారు రంగుదాని మీద. పులిచారలు కూడా ఉంటే మరీ మంచిది.

ఆ "టైటానియం గోల్డ్" పూతలో బంగారం ఆవగింజంత కూడా ఉండదు. అది టైటానియం నైట్రైడ్. డ్రిల్లు మిషను బిట్ల మీద పసుపు పచ్చగా మెరుస్తుందే, అదే. ఆ లెక్కన పనిముట్ల పెట్టె ఉన్న ప్రతివాడూ కలెక్టరే.

కాలిబర్, అంటే తూటా లావు, గొప్పదనం కూడా వినాలి. అమెరికా చట్టం ప్రకారం పిస్టల్ బారెల్ రంధ్రం అర అంగుళం దాటితే మామూలు తుపాకీ హోదా పోయి "విధ్వంసక పరికరం" కింద లెక్క. 1988లో పాయింట్ 50 ఏఈ తూటాని రూపొందించినప్పుడు గుండు వ్యాసం 0.510 అంగుళాలు. చట్టం అడ్డు రావడంతో 0.500కి చెక్కారు. అంగుళంలో ఆ వందో వంతు కొసరు పోయినందుకు కలెక్టరు గారి గుండెలో ఇప్పటికీ ఓ మూల బాధే.

పోనీ, యంత్రంగానైనా చూద్దాం. ఇక్కడ వెక్కిరింతకి కాస్త సెలవివ్వాలి, ఎందుకంటే యంత్రం నిజంగా ముచ్చటైనది. మామూలు పిస్టళ్లలో స్లయిడ్‌ని (ముందుకీ వెనక్కీ జారే పైభాగాన్ని) తూటా తన్నుడే వెనక్కి తోస్తుంది. దీన్లో ఆ పద్ధతి కుదరదు, తూటా బలం అంతటిది. అందుకని రైఫిల్ పద్ధతి పెట్టారు: తూటా కూర్చునే గది అయిన చాంబర్ ముందున్న చిన్న రంధ్రంలోంచి వాయువు బారెల్ కింది గొట్టంలోకి దూరి, మూతి దాకా పోయి, అక్కడున్న పిస్టన్‌ని వెనక్కి కొడుతుంది. స్లయిడ్ కదులుతుంది, చాంబర్‌ని మూసి ఉంచే బోల్ట్ తిరిగి తాళం విడుతుంది. ఆ బోల్ట్ తల ఎం16 రైఫిల్ బోల్ట్‌కి చుట్టంలా ఉంటుంది. పాయింట్ 50 తూటా అడుగంచుని పాయింట్ 44 మాగ్నమ్ అంచు కొలతకే చేశారు కాబట్టి, ఇప్పటి రకమైన మార్క్ 19లో బారెల్, మ్యాగజైన్ మారిస్తే చాలు, 44 పేలుతుంది. ఇంకా సన్నని 357 తూటాకి వెళ్లాలంటే బోల్ట్ కూడా మార్చాలి. చేసినవాడు తెలివైనవాడు, సందేహం లేదు.

కొన్నవాడి సంగతే సందేహం. ఆ చిన్న రంధ్రం ఉంది చూశారూ, రాగి తొడుగు లేని సీసపు గుండ్లు పేలిస్తే సీసం గీరుకుపోయి దాన్ని పూడ్చేస్తుంది. చవకని సీసపు గుండ్లు తెచ్చి, నాలుగు మ్యాగజైన్లు కాల్చి, అయిదోసారి స్లయిడ్ సగంలో ఆగితే "కంపెనీ మోసం చేసింది" అని గోల. ఇంట్లో తూటాలు నింపుకునే వాళ్లది మరో ముచ్చట. ఈ తూటా చాంబర్‌లో నిలబడేది తన ఇత్తడి గొట్టం మూతి అంచు మీద. రివాల్వర్ తూటాకి చేసినట్టు ఆ అంచుని గుండు మీదికి గట్టిగా మడిచేస్తే, తూటా లోపలికి దిగిపోయి పిన్ను దెబ్బ సరిగా తగలదు. అంచుని లేతగా లోపలికి నొక్కితే (టేపర్ క్రింప్) చాలు. ఇది తూటాలు నింపడం నేర్పే ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కలెక్టరు గారు పుస్తకాలు కలెక్ట్ చెయ్యరు.

ఇక ఆయన షూటింగ్ రేంజ్‌కి వేంచేసే ఘట్టం. దీన్ని తొందరగా దాటలేం.

కలెక్టరు గారు లేన్లోకి వచ్చి పెట్టెని బల్ల మీద పెడతారు. వెంటనే తెరవరు. అటూ ఇటూ చూస్తారు. పక్క లేన్లవాళ్లు ఒకసారి తలతిప్పాక, అప్పుడు, రెండు గొళ్లాలూ ఒకదాని తర్వాత ఒకటి, టక్కు... టక్కు. లోపల స్పాంజి మీద పడుకున్న పిస్తోలు పొడవు 10.75 అంగుళాలు, బరువు గ్లాక్ 17 అనే మామూలు పిస్టళ్లు మూడు, ఖాళీవి, కలిపినంత. (స్పాంజి తేమని పట్టి ఉంచుతుంది, నెలల తరబడి అందులో పడేస్తే తుప్పు పడుతుంది అని ఎవరైనా చెప్పాలి. ఈ క్షణాన కాదు.) కలెక్టరు గారు స్లయిడ్ లాగుతారు. రాదు. స్ప్రింగు గట్టిది, ఎడం చేత్తో స్లయిడ్‌ని గట్టిగా పట్టి, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యాలి. ఆయన మాత్రం రెండు వేళ్లతో గిల్లుతారు. మళ్లీ రాదు. "కొత్తది కదా, బిగువుగా ఉంది" అని గాలితో చెబుతారు. మూడోసారి మోకాలు కూడా సాయం చేస్తుంది.

మ్యాగజైన్లో ఏడు తూటాలు. ఫోన్ కెమెరా ఆన్. కాళ్లు ఎడంగా, నడుము వెనక్కి వాలి, అచ్చం నీళ్ల బిందె మోస్తున్న భంగిమ. ఎడమ చెయ్యి కాఫీ కప్పు కింద సాసరు పట్టినట్టు మ్యాగజైన్ అడుగున.

ఢామ్!

మూతి దగ్గర బుట్టంత మంట. పక్క లేన్లో కాగితం టార్గెట్ ఊగుతుంది. ఆయనది ఊగదు, దాని జోలికి ఎవరూ పోలేదు కాబట్టి. వేడి ఇత్తడి గొట్టం వెనక్కి ఎగిరి సరిగ్గా నుదుటి మధ్యన తగులుతుంది. అంచున్న టోపీ పెట్టుకుని రమ్మని చెప్పేది ఇందుకే. రెండో తూటా ఎక్కదు. ఈ పిస్టల్లో మ్యాగజైన్ కొంచెం స్వేచ్ఛగా ఆడుతూ ఉండాలి. అడుగునుంచి చేత్తో పైకి నొక్కితే తూటా ఎక్కే దారి మారిపోయి ఇరుక్కుంటుంది. ఆ సాసరు చెయ్యి తీసి, కుడిచేతి వేళ్ల మీదుగా ముందునుంచి చుట్టి పడితే సగం రోగాలు పోతాయి. మణికట్టు బిగిస్తే మిగతా సగం పోతాయి. ఆయన తీర్పు వేరు: "తూటాలు నాసిరకం."

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. డబ్బు ఆయనది, నుదురు ఆయనది.

తర్వాత జరిగేది నవ్వులాట కాదు. కలెక్టరు గారికి ఇంకా ప్రేక్షకులు కావాలి. వెంట తెచ్చుకున్న సన్నపాటి తమ్ముడో, ఎన్నడూ తుపాకీ ముట్టని అమ్మాయో, పదేళ్ల పిల్లాడో ఉంటారు. "ఒక్కసారి కొట్టి చూడు, భయపడకు, ఏం కాదు" అని చేతిలో పెడతాడు. ఏడు తూటాలతో. కెమెరా వెనక నిలబడి ముందే పళ్లికిలిస్తుంటాడు, ఆ పిల్ల చేతుల్లోంచి పిస్తోలు ఎగిరి మొహానికి తగిలితే వీడియో బాగా వస్తుందని.

ఏం కాదా? ఒరే, ఏమవుతుందో తెలుసా నీకు? మొదటి తూటా పేలగానే మూతి పైకి, వెనక్కి లేస్తుంది. పట్టు జారుతున్న చెయ్యి భయంతో బిగుసుకుంటుంది. బిగుసుకున్న చేతిలో వేలు కూడా ఉంటుంది, ఆ వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. రెండో తూటా సిద్ధంగా ఉంది, నువ్వే నింపి పెట్టావు. అది పేలేసరికి మూతి కప్పు వైపు ఉండొచ్చు, వెనక నిలబడ్డ నీ వైపు ఉండొచ్చు, ఆ పిల్ల తల వైపే ఉండొచ్చు. 2014 ఆగస్టులో అరిజోనాలో తొమ్మిదేళ్ల పాప చేతికి ఊజీ అనే సబ్‌మెషిన్ గన్ ఇచ్చారు. అది ఎగతన్ని, పక్కనే నిలబడి నేర్పిస్తున్న శిక్షకుడి ప్రాణం తీసింది. ఆయుధం వేరు, ఎగతన్నే తీరు ఒకటే. ఆ పాప జీవితాంతం ఆ రోజుని మోయాలి. నీకు లైకులు కావాలి!

మొదటిసారి పట్టేవాడి చేతికి ముందు పాయింట్ 22 ఇవ్వాలి. ఆ తర్వాత 9 మిల్లీమీటర్లు. ఈ రాక్షసి దాకా వస్తే, మ్యాగజైన్‌లో ఒక్కటంటే ఒక్క తూటా. నువ్వు కెమెరా వెనక కాదు, పేల్చేవాడి పక్కనే, అర అడుగు వెనక, చెయ్యి అందేంత దగ్గర. చేతులు పిడి చుట్టూ సరిగా చుట్టుకోకపోతే, వేలు ట్రిగ్గర్‌ని అందుకోవడానికి చెయ్యి పక్కకి తిరగాల్సి వస్తే, అసలివ్వకు. పిల్లలకి ఇవ్వనే ఇవ్వకు. దీనికి కలెక్టరు చదువు అక్కర్లేదు. సిగ్గుండాలి.

సరే, కొనడం మాటకొద్దాం.

పెద్ద చప్పుడంటే ఇష్టం, అందుకే కొంటున్నానని ఒప్పుకునేవాడితో ఏ పేచీ లేదు. అతనికి రెండు మాటలు చాలు: చాలా చిన్న పిస్టల్ లాకర్లలో ఇది పట్టదు, ముందు లోపలి కొలతలు చూసుకో; ఇయర్‌ప్లగ్గుల మీద ఇయర్‌మఫ్స్ కూడా పెట్టుకో. అమెరికాలో లైసెన్సు ఉన్న దుకాణంలో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, 4473 అనే తుపాకీ కొనుగోలు ఫారం నింపాలి. ఆ ఫారంలో "నిజంగా కొంటున్నది మీరేనా" అనే ప్రశ్న ఉంటుంది. "ఎందుకు కొంటున్నారు" అనే ప్రశ్న ఉండదు. ఉండి ఉంటే ఆ చిన్న గడిలో "కలెక్టిబుల్" అని రాసి, తప్పు స్పెల్లింగు దిద్దుకుని, మన కలెక్టరు గారు ఓ పూట గడిపేవారు.

పెట్టుబడి లెక్క కూడా ఆయనే తీస్తారు, కాబట్టి తీద్దాం. తూటా ఒక్కోటి రెండు డాలర్ల పైమాటే. డబ్బాకి 20. మ్యాగజైన్ ఒకటి ఖాళీ చెయ్యడానికి పట్టేది అరనిమిషం, పోయేది పద్నాలుగు డాలర్ల పైన. పేలిస్తే "పేల్చనిది" అనే విలువ పోతుంది. పేల్చకపోతే పిస్టన్ చివర మసి, బోల్ట్ మొహం మీద ఇత్తడి గీత లేకుండా బీరువాలో ఉంటుంది, కానీ మిన్నెసోటాలో కొత్తవి ఇంకా వస్తూనే ఉంటాయి. ఏ దారిన పోయినా నష్టం ఖాయం, చప్పుడు మాత్రం మొదటి దారిలోనే ఉంది.

ఏడాది తిరక్కుండా అది అమ్మకానికి వస్తుంది. ఫోటోలో పసుపు పచ్చటి మెరుపు, పక్కన అసలు డబ్బా, ఒకే ఒక్క మ్యాగజైన్. కింద వివరాలు: "అరుదైన కలెక్టిబుల్. అతి తక్కువగా వాడినది. బేరాలు లేవు. కొన్నవారికి తూటాల డబ్బా ఉచితం." డబ్బా మూత తెరిచి లెక్కపెట్టండి. పదమూడుంటాయి.